ముంగిస మనది.. ముప్పు ఇగ్వానాకు!

తడ పొలాల్లో ముంగిస ఎదురైతే మంచి శకునమంటాం. జమైకా దీవిలో ఇగ్వానా బల్లికి మాత్రం అది ప్రాణగండం. చెరకు తోటల్లో ఎలుకల బెడద తీరుతుందని 1872లో మన దేశం నుంచి ముంగిసల్ని అక్కడికి తీసుకెళ్లారు. అవి ఇగ్వానా గుడ్లనూ, పిల్లల్నీ తినేశాయి. అంతరించిందనుకున్న ఈ జీవి 1990లో హెల్‌షైర్ కొండల్లో మళ్లీ కనిపించింది. పిల్లల్ని కింగ్‌స్టన్‌లోని హోప్ జూలో పెంచి, ముంగిసకు చిక్కనంత పెద్దవయ్యాక అడవిలో వదులుతున్నారు. సంఖ్య పెరిగింది.

కానీ ముంగిసల బెడద, బొగ్గు కోసం చెట్ల నరికివేత ఆగకపోతే జూ పని ఎప్పటికీ తీరదు. మన శేషాచలం బంగారు బల్లికి తేమగా ఉండే రాతి పగుళ్లే ఇల్లు. వాటిని ఇప్పుడే కాపాడుకుంటే ఆ అవస్థ రాదు. పరీక్షలో జీవి పేరు రాసి ఆగిపోకండి. ఆవాసం, ముప్పు, పరిష్కారం.. మూడూ కలిపి రాయండి.