విస్తరి ముందు రెండు తీర్పులు

పెండ్లి పంక్తిలో స్థూలకాయుడు రెండవ బూరె వేయించుకొన్నచో ఇరుప్రక్కలవారు ముసిముసి నవ్వులు నవ్వుదురు. అతడే బరువు తగ్గుటకై శస్త్రచికిత్స చేయించుకొని, మరుసటి యేట అట్టి పంక్తిలో కూర్చుండి మొదటి బూరెయే వలదన్నచో, వడ్డించువారు చిన్నబుచ్చుకొందురు. తిన్నను నిందయే, తినకున్నను నిందయే. అతని పొట్ట మారినది గాని లోకుల చూపు మారలేదు.

స్థూలకాయము తిండిపోతుతనమునకు శిక్ష యని పలువురి నమ్మిక. శాస్త్రము దీనిని సమర్థింపదు. వంశపారంపర్యము, నిద్రలేమి, కొన్ని మందులు, శరీరములోని హార్మోనులు కూడ బరువును నిర్ణయించును. 1999లో జపాను శాస్త్రజ్ఞులు ‘ఘ్రెలిన్’ అను హార్మోనును కనుగొనిరి. ఆకలిని రేపు నీ పదార్థము ముఖ్యముగా జీర్ణకోశపు పైభాగమున పుట్టును. పథ్యముచే బరువు తగ్గినవారిలో ఇది హెచ్చును. పోయిన బరువు తిరిగి వచ్చుటకు ఇదియొక కారణము. దీనిని మనోదౌర్బల్య మనుట, జ్వరపీడితుని ఒడలు వేడిగా నున్నదేమని గద్దించుటవంటిది.

1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు జీర్ణకోశమును చిన్న సంచిగా విభజించి ప్రేగునకు కలుపు పద్ధతిని ప్రవేశపెట్టెను. నేడు అధికముగా చేయబడు ‘స్లీవ్’ పద్ధతిలో జీర్ణకోశమున సుమారు ముప్పాతిక భాగమును తొలగించి, అరటిపండువంటి గొట్టమును మిగుల్తురు. ఘ్రెలిన్ పుట్టు భాగము పోవుటచే ఆకలియు తగ్గును. స్వీడనులో 1987లో ఆరంభమైన పరిశోధన ఫలితములు 2007లో వెలువడినవి. శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు తక్కువయని అవి తెలిపినవి. అయినను ఇది అందరికిని తగినది కాదు. లాభనష్టములను వైద్యుడు తూచి నిర్ణయింపవలెను.

“కష్టపడకుండ కత్తితో తప్పించుకొనెను” అనుట లోకము చెప్పు రెండవ తీర్పు. తప్పించుకొన్న దేమి? తొలి వారములలో ద్రవాహారమే గతి. పిమ్మట కొద్దిపాటి యన్నమును మెల్లగా నమిలి తినవలెను. భోజనముతోపాటు నీరు త్రాగరాదు. పప్పు, పెరుగు, గ్రుడ్డువంటివానికి ముందు చోటీయవలెను. బి12, ఇనుము, కాల్షియము మొదలగువానిని జీవితాంతము పుచ్చుకొనవలెను. తొలి నెలలలో జుట్టు రాలుట కలదు. చర్మము వ్రేలాడుట కలదు. నియమము తప్పినచో బరువు మరల పెరుగును. నిగ్రహము లేదని నిందింపబడినవాడు నిందించినవారికంటె అధిక నిగ్రహముతో దినములు గడుపుచున్నాడు.

కత్తికి అందని గాయ మొకటి కలదు. అది పలుమారు తరగతిగదిలో తగులును. హాజరుపట్టీలో లేని పేరొకటి లావుపాటి బాలునకు తోటివారు పెట్టుదురు. ఒక్కొక్కప్పుడు ఉపాధ్యాయుడును ఆ పేరుతోనే పిలిచి నవ్వించును. బరువు తగ్గిన పిమ్మటను కొందరు వెడల్పైన ద్వారమున ప్రక్కకు ఒదిగి నడచుట యూరక కాదు. వినాయకచవితినాడు లంబోదరునికి ఉండ్రాళ్ళు నివేదించి, మరునాడు బడిలో బొజ్జగల బాలుని పరిహసించుట ఎట్టి భక్తి?

ఈ గాయమును మాన్పుటకు వైద్యుడు చాలడు. ఉపాధ్యాయుడు హాజరుపట్టీలోని పేరుతోనే ఆ బాలుని పిలువవలెను. తోటి విద్యార్థులును అట్లే పిలువవలెను. విస్తరి ముందు “చాలు” అన్నవాని మాటను ఒక్కమారు విని, గరిటెను ముందుకు సాగింపవలెను.