స్టేడియానికి వెళ్తున్నారా? ఒంటికీ ఓ ప్లాన్ ఉండాలి

మార్చి నెలాఖరుకు మన తూర్పు హైదరాబాద్‌లో రెండు వేడులు కలిసే మొదలవుతాయి. ఒకటి ఎండ, రెండోది ఐపీఎల్. చెంగిచెర్ల, బోడుప్పల్, మేడిపల్లి, మల్లాపూర్, నాచారం... ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో చూసినా ఒకటే ప్రశ్న: ‘ఉప్పల్ టికెట్లు దొరికాయా?’ దొరికాయంటే ఇక ఇంట్లో చర్చంతా జెర్సీ రంగు, పార్కింగ్, ఏ గేటు అనే వాటి గురించే. నాయనమ్మ మోకాళ్లు, నాన్న షుగర్ మాత్ర, చిన్నోడి ఆయాసం ఆ చర్చలోకి రావు. మ్యాచ్ రోజు ఇబ్బంది పెట్టేవి మాత్రం ఎక్కువగా ఇవే.

రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో తొలి వన్డే 2005 నవంబర్ 16న భారత్, దక్షిణాఫ్రికా మధ్య జరిగింది. అప్పటి నుంచి ఈ మైదానం మన ప్రాంతానికి ఓ పండగ వేదిక. నిండితే 40 వేలకు దగ్గరగా జనం. అంటే ఓ చిన్న పట్టణమంతా కదిలొచ్చి ఐదారు గంటలు కాంక్రీటు మెట్ల మీద కూర్చున్నట్టు లెక్క. అందులో గర్భిణులుంటారు, స్టెంట్ వేయించుకున్నవారుంటారు, ఇన్సులిన్ తీసుకునేవారుంటారు. వాళ్లంతా మ్యాచ్ మానుకోవాలని నేను చెప్పను. ఇంటిల్లిపాదీ కలిసి నవ్వి, అరిచి, గంతులేసే సాయంత్రాలు మనకు ఎక్కువ లేవు. అవి మందు పనే చేస్తాయి. కానీ పెళ్లికి వెళ్లేటప్పుడు చేసుకునే ఏర్పాట్లలో సగమైనా మ్యాచ్‌కు చేసుకోండి.

ఎండ టాస్ కంటే ముందే మొదలవుతుంది

‘రాత్రి మ్యాచే కదా, ఎండేముంది’ అని చాలామంది అంటారు. మ్యాచ్ ఏడున్నరకే. మీరు లైన్లో నిలబడేది మాత్రం నాలుగున్నర, ఐదు గంటలకు. ఏప్రిల్, మే నెలల్లో ఆ వేళ కూడా ఎండ చురుక్కుమంటూనే ఉంటుంది. పగలంతా కాలిన కాంక్రీటు చీకటి పడ్డాక కూడా వేడిని వదులుతూనే ఉంటుంది. ఇక మూడున్నర మ్యాచ్ అయితే చెప్పక్కర్లేదు. 2025 మార్చి 23న రాజస్థాన్ మీద మన సన్‌రైజర్స్ 286 పరుగులు కొట్టింది అలాంటి పగటి మ్యాచ్‌లోనే. ఆ సిక్సర్ల హోరులో గొంతెండిన సంగతి ఎవరికి గుర్తుంటుంది?

పగటి మ్యాచ్‌కు సీటు ఎంచుకునే వీలుంటే సూర్యుణ్ని లెక్కలోకి తీసుకోండి. తూర్పు వైపు కూర్చుంటే మధ్యాహ్నం ఎండ నేరుగా ముఖాన కొడుతుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే పడమటి వైపు గానీ, పైకప్పు నీడ పడే వరసలు గానీ మేలు. పాలిస్టర్ జెర్సీ చెమటను పీల్చుకోదు. లోపల పల్చటి నూలు బనియన్, తలకు టోపీ ఉండాలి.

వడదెబ్బకు ముందు ఒళ్లు హెచ్చరిస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం... ఇవి కనిపిస్తే ఓవర్ పూర్తయ్యేదాకా ఆగొద్దు. నీడకు వెళ్లి నీళ్లు, ఓఆర్ఎస్ తాగాలి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఎక్కడున్నాడో తెలియకపోయినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పుతున్నా అది ప్రాణాపాయమే. పారాసెటమాల్ అక్కడ పనిచేయదు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐస్ పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా, మరొకరు ఒంటిని చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్స్ వచ్చాక చూద్దామనుకుంటే విలువైన నిమిషాలు పోతాయి.

నీళ్లు తాగకుండా ఉండటం ఉపాయం కాదు

మా ఓపీకి వచ్చే ఆడవాళ్లు, పెద్ద వయసువాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: ‘బయటికెళ్తే బాత్రూమ్‌కు ఇబ్బందని పొద్దున్నుంచీ నీళ్లు తాగలేదు డాక్టర్.’ ప్రయాణమైనా, పెళ్లయినా, మ్యాచ్ అయినా ఇదే పద్ధతి. ఎండలో చెమట పోతూ, నీళ్లు లోపలికి వెళ్లకపోతే బీపీ పడిపోతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. మధ్యాహ్నం నుంచే గంటకో గ్లాసు చొప్పున తాగండి. లోపలికి వెళ్లగానే సీటు కంటే ముందు టాయిలెట్ ఎక్కడుందో చూసుకోండి. ఇన్నింగ్స్ విరామంలో అందరూ అక్కడికే పరుగెడతారు కాబట్టి, రెండు ఓవర్ల ముందే లేవండి.

బయటి నీళ్ల సీసాలు, తినుబండారాలు, బ్యాగులు, హెల్మెట్లు, పవర్‌బ్యాంకులు సాధారణంగా గేటు దగ్గరే ఆపేస్తారు. మ్యాచ్‌కు ముందు పోలీసులు ఇచ్చే నిషేధిత వస్తువుల జాబితా చదివే బయల్దేరండి. మందులు మాత్రం జేబులో ఉండి తీరాలి. స్ట్రిప్‌లోనే ఉంచి, ప్రిస్క్రిప్షన్ కాపీ వెంట పెట్టుకుంటే తనిఖీలో వివరించడం తేలిక. లోపల కొనే నీళ్ల ఖర్చును టికెట్ ఖర్చులో భాగంగానే ముందే లెక్కేసుకోండి. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు వల్ల నీళ్లకు కొలత పెట్టినవారు మాత్రం మీ డాక్టర్ చెప్పిన కొలతే పాటించాలి.

షుగర్, బీపీ ఉన్నవారికి

మ్యాచ్ రోజు షుగర్ రోగికి వచ్చే ప్రమాదం ఓ చిత్రమైన ముసుగు వేసుకొస్తుంది. చెమటలు, చేతులు వణకడం, గుండెదడ... చివరి ఓవర్లో అందరికీ ఉండేవే. షుగర్ పడిపోయినప్పుడు కనిపించేవీ ఇవే. ‘టెన్షన్‌లే’ అని పక్కవారు నవ్వేస్తారు. సాయంత్రం మాత్ర వేసుకుని గానీ, ఇన్సులిన్ తీసుకుని గానీ, భోజనం మాత్రం మ్యాచ్ అయ్యాక పదకొండున్నరకు అనుకుంటే సరిగ్గా ఇదే జరుగుతుంది. కాబట్టి మందుకూ భోజనానికీ మధ్య దూరం పెరగనీయకండి. బయల్దేరే ముందు కొంత తిని, ఇన్నింగ్స్ విరామంలో మళ్లీ తినండి. జేబులో గ్లూకోజ్ గానీ, నాలుగు చాక్లెట్లు గానీ ఉండాలి. అనుమానం వస్తే ముందు తీపి తినండి, తర్వాత ఆలోచించండి. కొన్ని బీపీ మాత్రలు గుండెదడను కనబడనీయవు. అవి వాడేవారికి చెమటే ప్రధాన హెచ్చరిక.

మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు, చక్కెరను మూత్రం ద్వారా పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవారికి ఎండలో ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. వాటిని మీకు మీరే మానేయొద్దు. మ్యాచ్‌కు రెండు రోజుల ముందే మీ డాక్టర్‌ను అడిగి వేళ మార్చుకోవచ్చేమో తెలుసుకోండి. ఇన్సులిన్ పెన్నును కారు డ్యాష్‌బోర్డులో వదిలేయకండి. ఎండకు అది పనికిరాకుండా పోతుంది.

ఒక్క పరుగూ... గుండే

ఉప్పల్‌లో జరిగిన 2017, 2019 ఐపీఎల్ ఫైనల్స్ రెండింటినీ ముంబై ఒకే ఒక్క పరుగు తేడాతో గెలిచింది. ఆ చివరి బంతులకు ఎన్ని గుండెలు ఆగి కొట్టుకున్నాయో మనందరికీ తెలుసు. ఇది మాటవరసకు చెప్పేది కాదు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సమయంలో జర్మనీలోని మ్యూనిక్ ప్రాంతంలో వైద్యులు గుండె ఎమర్జెన్సీలను లెక్కపెట్టారు. జర్మనీ ఆడిన రోజుల్లో అవి మామూలు రోజుల కంటే 2.66 రెట్లు ఎక్కువ. మ్యాచ్ మొదలైన తొలి రెండు గంటల్లోనే తాకిడి ఎక్కువగా కనిపించింది. అంతకుముందే గుండెజబ్బు ఉన్నవారిలో ఆ ముప్పు ఇంకా పెద్దది. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ అధ్యయనం వచ్చింది. టీవీ ముందు కూర్చునేవారికీ ఇది పాఠమే.

గుండెపోటు వచ్చి కొద్ది వారాలే అయినవారు, నాలుగు మెట్లెక్కితే ఛాతీ పట్టేసేవారు ఈసారి ఇంట్లోనే చూడాలి. మిగతావారు ఆ రోజు ఏ మాత్రా మరిచిపోకూడదు. నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసి ఉంటే అది జేబులో ఉండాలి. సిగరెట్, మద్యం ఉద్వేగానికి తోడైతే గుండెకు మూడు వైపుల నుంచీ దెబ్బే. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే ‘గ్యాస్’ అని సోడా తాగకండి. అక్కడే కూర్చోబెట్టి సిబ్బందిని పిలవండి. మనిషి కుప్పకూలి, శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కుతూ ఉండాలి. ఇంటికొకరు సీపీఆర్ నేర్చుకోవాలని నేను పదేపదే అడిగేది ఇందుకే.

పిల్లలూ, వాళ్ల చెవులూ

ఏడాది లోపు పసిబిడ్డలను స్టేడియానికి తీసుకెళ్లవద్దు. వాళ్లకు మ్యాచ్ అర్థం కాదు, ఎండా మోతా మాత్రమే మిగులుతాయి. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలకు మించి ఉండకూడదన్నది కార్మికుల కోసం పెట్టిన ప్రమాణం. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గరకొచ్చేసరికి 15 నిమిషాలే. స్పీకర్ల పక్కన, ఈలలూ బూరల మధ్య ఆ స్థాయి దాటడం కష్టమేమీ కాదు. స్పీకర్లకు దూరంగా కూర్చోండి. పిల్లలకు ఇయర్‌మఫ్స్ పెట్టండి. ఆయాసం ఉన్న పిల్లలకు ఇన్హేలర్ తప్పనిసరి. వరంగల్ హైవే మీది దుమ్ములో బైక్ మీద వెళ్లాల్సి వస్తే మాస్క్ కూడా.

పిల్లల చేతి మీద మీ ఫోన్ నంబర్ పెన్నుతో రాయండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. ‘గేటు దగ్గర’ అంటే లాభం లేదు. ఫలానా మెట్రో పిల్లర్ నంబర్ అని గుర్తు పెట్టుకోండి.

తోపులాటలో ఊపిరే ముఖ్యం

2022 సెప్టెంబర్‌లో ఉప్పల్ టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానంలో జరిగిన తొక్కిసలాటలో పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయారు. రెండూ జరిగింది మైదానం లోపల మ్యాచ్ చూస్తూ కాదు, ప్రవేశం కోసం, టికెట్ కోసం ఎగబడ్డ చోట. తొక్కిసలాట అనగానే కాళ్ల కింద పడటమే గుర్తొస్తుంది. నిజానికి ఇలాంటి చోట్ల చాలా ప్రాణాలు నిలబడి ఉండగానే పోతాయి. నాలుగు వైపుల నుంచీ ఒత్తిడికి ఛాతీ విప్పారక ఊపిరి ఆగిపోతుంది.

చదరపు మీటరులో ఐదారుగురు దాటి నిలబడితే అది ప్రమాద సూచన. మీ చేతులు మీ ఇష్టప్రకారం కదలకపోతే అక్కడి నుంచి బయటపడండి. ఇరుక్కుంటే రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు కవచంలా పెట్టుకోండి. తోపుకు ఎదురు తిరగకండి, అలతో పాటే కదులుతూ ఐమూలగా పక్కకు జరగండి. గోడలు, బారికేడ్లకు ఆనుకోవద్దు. ఫోన్ కిందపడితే వంగొద్దు. అరిచి ఊపిరి వృథా చేసుకోవద్దు. పిల్లల్ని ఎత్తుకోండి. మ్యాచ్ అయ్యాక పావుగంట సీట్లోనే కూర్చుంటే సగం కష్టం తీరుతుంది.

వెళ్లే దారి కూడా ఆరోగ్యమే

చెంగిచెర్ల వాళ్లు ఉప్పల్ రింగ్‌రోడ్డు దాకా బస్సులో వచ్చి, అక్కడ మెట్రో ఎక్కితే స్టేడియం స్టేషన్ ఒక్క స్టాపే. 2023లో ప్రారంభమైన ఉప్పల్ స్కైవాక్‌లో లిఫ్టులున్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రోడ్డు దాటే బాధ తప్పుతుంది. చర్లపల్లి, మల్లాపూర్, నాచారం మీదుగా హబ్సిగూడ చేరి మెట్రో ఎక్కడం మరో దారి. చివరి రైలు వేళ ముందే చూసుకోండి. అర్ధరాత్రి నిద్ర కళ్లతో, గెలిచిన హుషారులో బైక్ నడపడం కంటే ఆటో డబ్బులు చవక.

ఇదంతా ప్రేక్షకుడు చేసుకోవాల్సింది. నిర్వాహకులు చేయాల్సింది కూడా ఉంది. బయటి నీళ్లు వద్దనే హక్కు వారికి ఉన్నప్పుడు, ప్రతి స్టాండులో ఉచితంగా, చల్లగా, శుభ్రమైన తాగునీరు ఇవ్వాల్సిన బాధ్యత కూడా వారిదే. గేట్ల దగ్గర నీడ, పెద్దవాళ్లకూ గర్భిణులకూ వేరే వరస, ప్రతి స్టాండుకూ కనిపించే బోర్డుతో ప్రథమ చికిత్స కేంద్రం, గుండె ఆగినప్పుడు వాడే ఏఈడీ యంత్రం, అంబులెన్స్‌కు ఎవరూ అడ్డుపెట్టని దారి... ఇవి వేల రూపాయల బాక్సుల్లో కూర్చునేవారి సౌకర్యాలు కావు, చిట్టచివరి వరస టికెట్ కొన్న మనిషి ప్రాణానికి కావాల్సిన కనీస ఏర్పాట్లు. ఈసారి వెళ్లినప్పుడు నీళ్ల కుళాయి ఎక్కడుందో, వైద్య శిబిరం ఎక్కడుందో సిబ్బందిని అడగండి. లేకపోతే లేదని రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పదిమంది అడిగితే పట్టించుకోకపోవచ్చు. పదివేల మంది అడిగితే ఏర్పాటు చేయక తప్పదు.