కట్టెయ్యకూడని కుళాయి

పిల్లలూ! నేను హెడ్మాస్టరుగా వున్నన్నాళ్లూ బడిలో కుళాయి కారుతుంటే వూరుకునేవాణ్ణి కాను. మా పొదిలిలో నీళ్లకు ఎప్పుడూ కటకటే. కుళాయి వచ్చే వేళకు బిందెలు వరసపెట్టుకుని కూర్చోవలసిందే. టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరం పక్కన ఫ్రిస్కో అనే వూళ్లో మా పెద్దబ్బాయి వుంటున్నాడు. వాడి కొడుకు ఒక వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు, కారే కుళాయి కనబడితే చాలు, పరుగెత్తి బిగించి రావటం నా దగ్గరే నేర్చుకున్నాడు. తరవాత ఆ పాఠమే వాళ్ల కొంప ముంచింది.

టెక్సాస్ మనలాగే వేడిదేశం. అక్కడ చాలా ఇళ్లలో నీటి గొట్టాలు అటకమీదుగా, బయటి గోడల్లోంచి పోతాయి. చలిని తలుచుకుని కట్టిన ఇళ్లు కావు అవి. అటువంటి చోట 2021 ఫిబ్రవరిలో విపరీతమైన చలి వచ్చిపడింది. 16వ తేదీన డల్లాసులో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 19 డిగ్రీలకు పోయింది. రాష్ట్రంలో నలభై లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. కరెంటు లేకపోతే ఇల్లు వెచ్చబడదు. రాత్రివేళ కుళాయిని సన్నగా కారనివ్వమని ఇరుగుపొరుగులు చెబితే, మావాడు అలాగే వదిలి పడుకున్నాడు. అర్ధరాత్రి మంచినీళ్లకు లేచిన మనవడు అది చూసి గట్టిగా బిగించేశాడు.

చలి విరిగి ఎండ వచ్చిన రోజున వాళ్ల వంటింటి గోడలోంచి నీళ్లు వుబికాయి. సామానంతా తడిసింది. గొట్టం ముందే పగిలింది గాని, లోపలి మంచు కరిగేదాకా బయటపడలేదు.

మనవడు ఫోను చేశాడు. "తాతయ్యా, నేను మంచిపనే చేశాను గదా! గొట్టం ఎందుకు పగిలింది?"

"నీళ్లు గడ్డకడితే పెరుగుతాయిరా," అన్నాను.

"అయితే గడ్డకట్టింది అటకమీద. పగిలింది కింద, కుళాయి దగ్గర. అదెలాగ?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. రేపు చెబుతానన్నాను. నలభై యేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ రాత్రి మళ్లీ పుస్తకాలు తీయవలసి వచ్చింది.

చాలా వస్తువులు చల్లబడేకొద్దీ కుంచించుకుపోతాయి. నీరు కూడా 4 డిగ్రీలదాకా అంతే. ఇంకా చల్లబడితే తిరిగి పెరగటం మొదలుపెడుతుంది. గడ్డకట్టేటప్పుడైతే 100 చెంబుల నీరు సుమారు 109 చెంబుల మంచు అవుతుంది. మంచుగడ్డ నీళ్లమీద తేలేది అందుకే.

ఆ గడ్డే గొట్టాన్ని పక్కలకు నెట్టి చీలుస్తుందని నేనూ అనుకునేవాణ్ణి. సాధారణంగా జరిగేది అది కాదు. గొట్టంలో గడ్డ ముందు బిరడాలాగా అడ్డుపడుతుంది. తరవాత పొడుగునా పెరుగుతూ అటూ ఇటూ వున్న నీటిని నెడుతుంది. వీధివైపు నీటికి వెనక్కు పోవటానికి దారి వున్నది. కుళాయివైపు నీటికి లేదు. నీటిని నొక్కి చిన్నది చెయ్యటం మనవల్ల అయ్యే పని కాదు గదా! ఒత్తిడి అలా పెరిగి పెరిగి, ఎక్కడ గొట్టం బలహీనంగా వుంటే అక్కడ పగులుతుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించి చూశారు. మీరు చిమ్మనగొట్టంలో గాలి లేకుండా నీళ్లు నింపి, మూతి వేలితో మూసి నొక్కి చూడండి. కడ్డీ కదలదు. వేలు రవ్వంత సందు ఇస్తే దిగిపోతుంది. కుళాయిని కారనివ్వటం అంటే ఆ సందు ఇవ్వటమే. అప్పుడు అటకమీద గడ్డకట్టినా గొట్టానికి ముప్పు తక్కువ.

మనకు మంచు లేదు గదా, మనకెందుకీ గొడవ అంటారేమో. అదే యేడు మే నెలలో మా డాబా మీద పీవీసీ గొట్టం పగిలి, తెల్లవారేసరికి తొట్టి ఖాళీ! తప్పు నాదే. ఖర్చు తగ్గుతుందని గొట్టాన్ని ఎండలో పరిపించి, కదలకుండా మేకులతో బిగించాను. ఎండకు పీవీసీ యేళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. వేడెక్కితే మెత్తబడుతుంది కూడా; 27 డిగ్రీల దగ్గర ఓర్చుకునే ఒత్తిడిలో 45 డిగ్రీల దగ్గర దాదాపు సగమే ఓర్చుకుంటుంది. పది మీటర్ల గొట్టం 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 సెంటీమీటర్లు సాగుతుంది. సాగే చోటు లేకపోతే మలుపుల దగ్గర చిట్లుతుంది.

దానికి తోడు మోటారు. పైకి పోతున్న నీరు కరెంటు పోగానే వెనక్కు పడి వాల్వును ఢీకొంటుంది. "ఠప్" మని చప్పుడు మీరూ వినే వుంటారు. దీన్ని నీటి సమ్మెట అంటారు. మాస్కో నగరపు పెద్ద గొట్టాలు పగిలిపోతుంటే, నికొలాయ్ జుకోవ్‌స్కీ అనే ఆచార్యుడు 1897లో ప్రయోగాలు చేసి దీని లెక్క కట్టాడు. (తరవాత ఆయన విమానాల శాస్త్రంలో పేరు పొందాడు.) పొడుగాటి ఇనుప గొట్టంలో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఒక్కసారిగా ఆపితే, సుమారు 130 మీటర్ల ఎత్తున తొట్టి పెట్టినంత ఒత్తిడి అదనంగా పుడుతుంది! పీవీసీ కొంచెం సాగుతుంది కాబట్టి అందులో మూడో వంతు వుంటుంది. మెల్లగా ఆపితే బాధ లేదు.

ఇప్పుడు మా గొట్టాన్ని నీడపట్టున గోడవెంట వేయించాను. ఎండ తగిలేచోట తెల్లరంగు పూశాము. మేకులు తీయించి, గొట్టం జరగటానికి వీలుగా వదులు పట్టీలు వేయించాను. డాబా మీది వాల్వును ఒక్క గుంజుతో మూయవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను గాని, మా ఆవిడ మాత్రం వినదు.

మనవడు ఇప్పుడు హైస్కూల్లో చదువుతున్నాడు. చలి ముదిరిన రాత్రుల్లో కుళాయిని సన్నగా వదిలి, కింద గిన్నె పెడుతున్నాడట. ఆ నీళ్లు పొద్దున కుండీలోని తులసికి పోస్తాడట.