ప్రెయిరీ డాగ్ కాలనీలు: నష్టాన్ని ఊహించడం వేరు, కొలవడం వేరు

ఉత్తర అమెరికా గడ్డి మైదానాలలో నివసించే ప్రెయిరీ డాగ్ పేరుకు మాత్రమే కుక్క. మొరుగును పోలిన అరుపు వలన దానికా పేరు వచ్చింది. నిజానికది ఉడుత కుటుంబానికి చెందిన జీవి. నేలలో బొరియలు త్రవ్వుకొని కాలనీలుగా జీవిస్తూ, చుట్టూ ఉన్న గడ్డిని పొట్టిగా కొరికివేస్తుంది. పశువులతో మేతకు పోటీపడే ఈ జంతువు విషయంలో అమెరికా అనుభవం విస్తరణ శాస్త్రవేత్తలకు పరిశీలనార్హం.

1902లో వెలువడిన వ్యాసంలో ప్రాణిశాస్త్రవేత్త సి. హార్ట్ మెరియమ్, 256 ప్రెయిరీ డాగ్‌లు ఒక ఆవు తినేంత మేతను తింటాయని లెక్కగట్టారు. వీటివలన భూముల ఉత్పాదక శక్తి 50 నుండి 75 శాతం తగ్గుతుందని పేర్కొన్నారు. తరువాతి దశాబ్దాలలో ప్రభుత్వ ఆధ్వర్యంలోనే విషప్రయోగం విస్తృతంగా సాగింది. అయితే ఆ లెక్క తిండి పరిమాణానికి సంబంధించినది. కొరికిన గడ్డి తిరిగి ఎలా చిగురిస్తుంది, అక్కడ మేసిన పశువు బరువు వాస్తవంగా ఎంత తగ్గుతుంది అనే ప్రశ్నలకు అందులో సమాధానం లేదు.

ఆ సమాధానాలు క్షేత్ర పరిశీలనల వలననే లభించాయి. దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ జాతీయ ఉద్యానవనంలో కాలనీలలోని గడ్డి పరిమాణంలో తక్కువైనా, లేత చిగుళ్లలో నత్రజని అధికమని, బైసన్‌లు అక్కడ మేయడానికి మొగ్గు చూపుతాయని 1980లలో గుర్తించారు. టెక్సాస్‌లో ఈ జంతువులు మెస్కీట్ మొక్కలను కొరికి, గడ్డి భూములు ముళ్లపొదలుగా మారకుండా అడ్డుకొంటున్నట్లు తేలింది. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి బంధువు. కాలనీల బొరియలలో గుడ్లగూబలు గూళ్లు పెడతాయి. ప్రెయిరీ డాగ్‌లే ప్రధానాహారమైన నల్లకాళ్ల ఫెర్రెట్ మాత్రం కాలనీల క్షీణత, వ్యాధుల వలన అంతరించే స్థితికి చేరింది. 1987 నాటికి మిగిలిన 18 జంతువులను పట్టి పెంచవలసి వచ్చింది.

అంతమాత్రాన నష్టమే లేదనడం కూడా అశాస్త్రీయమే. కొలరాడోలో జరిపి, 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మేత భూమిలో 20 శాతాన్ని కాలనీలు ఆక్రమించినపుడు పశువుల బరువు పెరుగుదల విలువ సుమారు 5.5 శాతం, 60 శాతం ఆక్రమించినపుడు సుమారు 14 శాతం తగ్గింది. నష్టం వాస్తవమే, కాని అది కాలనీ విస్తీర్ణమంతటి నిష్పత్తిలో పెరగలేదు. పశుపోషకునికి ఇటువంటి అంకె అందినపుడే నియంత్రణ ఖర్చు గిట్టుబాటవుతుందో లేదో నిర్ణయించుకోగలడు.

ఈ ఫలితాలను మన వరిచేలలోని ఎలుకలకు, పందికొక్కులకు యథాతథంగా అన్వయించరాదు. దుబ్బులను కొరికివేసే జీవి కలిగించే నష్టం వేరు, గడ్డిని మేసే జీవి కలిగించే నష్టం వేరు. స్వీకరించదగినది పరిశీలనా పద్ధతి. సాయంత్రం కన్నాలను మట్టితో మూసి, మరునాడు తెరచుకొన్నవాటినే లెక్కించడం మన సిఫారసులలో ఉన్నదే. దానితోపాటు తెగిన పిలకల శాతం, గట్ల వెడల్పు, పరిసరాలలోని గుడ్లగూబలు, పాములు కూడా నమోదు కావాలి. జింక్ ఫాస్ఫైడ్ ఎర సిఫారసు ఈ నమోదు తరువాత రావాలి. విద్యార్థుల గ్రామీణ శిక్షణలో ఈ క్రమాన్ని తప్పనిసరి చేయడం అవసరం. కొలవని నష్టానికి విషం సిఫారసు చేస్తే, ఆ ఖర్చును భరించేది రైతే.