లైసెన్సు అడగని ప్రశ్న

పోయిన నెల మా పెద్దోడు లైసెన్సు కాగితాలు నింపుతుంటే పక్కన కూర్చున్నాను. ఫారం 1లో అడిగేవి ఇవి: మూర్ఛ గానీ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గానీ ఉందా? 25 మీటర్ల దూరంలో బండి నంబరు కనబడుతుందా? రేచీకటి ఉందా? వాడు టకటకా టిక్కులు పెట్టి సంతకం చేశాడు.

రైలింజను నడపాలంటే ఇంత తేలిక కాదు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి మామూలు పరీక్షలు అయ్యాక కంప్యూటర్ మీద ఇంకొకటి పెడతారు. ధ్యాస నిలుస్తుందా, చూసింది గుర్తుంటుందా అని చూస్తారు. ప్రతి భాగంలోనూ 42 స్కోరు రావాలి. ఇందులో ఎవరికీ సడలింపు లేదు.

మన భీవండిలో గుడ్డ మోసే టెంపోవాళ్ళకి ఆ పరీక్ష లేదు. సాంచాలు బందైనంక నేనూ టెంపో పట్టినవాణ్ణే. ఒకసారి వరుసగా రెండు రాత్రులు సరుకు మోసి, పొద్దున ఇంట్లో కొట్లాడి బండెక్కాను. ఎర్రలైటు కనబడింది. కళ్ళు మంచివే. కాలు మాత్రం బ్రేకు మీదికి పోలేదు. ధ్యాస ఇంటికాడే ఉండిపోయింది. ముందున్న రిక్షాకు జానెడు దూరంలో బండి ఆగింది. అందులో చిన్న పిల్లలున్నారు.

అందుకే మావాడికి ఒక్కటే చెప్పాను. తాళంచెవి తీసేటప్పుడు మీ అమ్మ "నిద్రపోయినవా బిడ్డా, మనసు మంచిగుందా?" అని అడిగితే విసుక్కోకు, నిజం చెప్పు. బాగాలేని రోజు బండి ఎక్కకు. ఒక ట్రిప్పు కూలి పోతే పోనీ.

అక్కల్లారా, చెల్లెల్లారా, మీ ఇంట్లో డ్రైవరుంటే రోజూ అడగండి. ఆ పరీక్ష పెట్టాల్సింది మనమే.