ఎర్రర్ చూపించని కారు

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నానని ఆఫీసులో ఎవరైనా చెబితే ఈమధ్య నేను అడిగేది ఒకటే. "కొన్నాక మొదటి ఏడాది రిపేర్లకు ఎంత పక్కన పెట్టావ్?" వాళ్లు నన్ను వింతగా చూస్తారు. కండిషన్ చూసే కదా కొంటున్నాం, రిపేర్లెందుకొస్తాయి అంటారు. పద్నాలుగు నెలల క్రితం నేనూ ఇదే మాట అన్నా.

నాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మీటరు మీద 68 వేల కిలోమీటర్లు. నేను మూడో ఓనర్ని. 2 లక్షల 60 వేలకు బేరం తెగింది. సోకు కోసం కొన్నది కాదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నెలకోసారి హన్మకొండ నుంచి హైదరాబాద్‌లో డాక్టరు దగ్గరికి రావాలి. బస్సు మెట్లెక్కడం తనవల్ల కావట్లేదు. చెల్లి కాలేజీ ఫీజు నేనే కడుతున్నా కాబట్టి కొత్త కారు ఈఎంఐ మోసే సీన్ లేదు. దాచుకున్నదంతా ఊడ్చి దీన్ని కొన్నా.

మా నాన్న ఆర్టీసీలో 27 ఏళ్లు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని కారు చూడ్డానికి ఒక్కణ్నే వెళ్లా. ఎందుకంటే, అమ్మేవాళ్లది పెద్ద గేటెడ్ కమ్యూనిటీ. నాన్న వస్తే పార్కింగ్‌లో పేపర్ పరుచుకుని కారు కింద పడుకుంటారు, వెయ్యి రూపాయల కోసం గంటసేపు బేరమాడతారు. నాకు చిన్నతనంగా ఉంటుందనిపించింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది కానీ, నిజం అదే.

పైగా నా దగ్గర టెక్నాలజీ ఉందిగా! ఆన్‌లైన్‌లో ఓబీడీ స్కానర్ తెప్పించా. దాన్ని స్టీరింగ్ కింది పోర్టులో పెట్టి బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే కారులో ఉన్న లోపాలు యాప్‌లో కనిపిస్తాయి. పెట్టి చూశా. ఒక్క ఫాల్ట్ కోడ్ కూడా లేదు. మా భాషలో లాగ్స్ క్లీన్. ఓనర్ కూడా "ఇప్పుడే పెట్రోలు కొట్టించుకొచ్చా, నడిపి చూడండి" అన్నాడు. ఇంజిన్ వేడిగా ఉంది, ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. అక్కడే అడ్వాన్స్ ఇచ్చేశా.

సెన్సర్ ఉన్నచోటే ఎర్రర్ వస్తుంది. రోజూ కోడ్ రాసేవాడికి ఇంత చిన్న విషయం తట్టలేదు. క్లచ్ ప్లేటు అరిగిందని చెప్పే సెన్సర్ ఆ కారులో లేదు. బుష్ చిరిగినా, టైరు గట్టిపడినా, రేడియేటర్ లోపల తుప్పు పట్టినా యాప్‌కి తెలీదు. పాత చిన్న కార్లలో మన జేబుకి చిల్లు పెట్టేవి ఎక్కువగా ఇవే.

పద్నాలుగు నెలల్లో నాకైన బిల్లులు ఇవీ, లేబర్‌తో కలిపి:

క్లచ్ సెట్: 8,200
లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, ముందు షాకబ్జార్బర్లు: 11,400
బ్యాటరీ: 4,300
ఏసీ కండెన్సర్, గ్యాస్: 6,800
నాలుగు టైర్లు: 15,200
రేడియేటర్ ఫ్యాన్ మోటార్, హెడ్ గ్యాస్కెట్: 18,500

మొత్తం 64,400. అంటే కారు ధరలో దాదాపు నాలుగో వంతు. మామూలు సర్వీసింగ్, ఇన్సూరెన్స్ ఇందులో కలపలేదు.

ఇందులో మొదటి ఐదూ పాత కారు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవే. చివరిది మాత్రం సగానికి పైగా నా స్వయంకృతం.

మే నెల. అమ్మను ఎక్కించుకుని హన్మకొండ నుంచి వస్తున్నా. పదకొండుకి అపాయింట్‌మెంట్. హైవే మీదున్నంతసేపు ఏ గొడవా లేదు. ఉప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర లైటు వెలిగింది. థర్మామీటర్ బొమ్మ. నా కారులో టెంపరేచర్ ముల్లు లేదు, ఈ లైటు ఒక్కటే దిక్కు. ఇంకాస్త దూరమే కదా, అమ్మను దింపాక చూసుకుందాం అనుకున్నా. ఏసీ కూడా ఆపలేదు. నాలుగు కిలోమీటర్లు వెళ్లాక బానెట్ సందుల్లోంచి ఆవిరి. తర్వాత ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది.

ఆ ఎండలో అమ్మ రోడ్డు పక్కన ఓ మూసేసిన షాపు మెట్ల మీద కూర్చుంది. నొప్పని ఒక్కసారీ అనలేదు. "నువ్ గాబరా పడకు బిడ్డా" అని నాకే ధైర్యం చెప్పింది. ఆటోలో తనను హాస్పిటల్‌కి తీసుకెళ్లేసరికి అపాయింట్‌మెంట్ టైం దాటిపోయింది.

నాన్నకు ఫోన్ చేశా.

"లైటు ఎర్రగైనంక ఎంత దూరం నడిపినవ్?"

"నాలుగు కిలోమీటర్లు నాన్నా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అప్పుడే పక్కకు ఆపితే ఫ్యాన్ ఒక్కదానితోని పోయేదిరా" అన్నారు.

తర్వాత మెకానిక్ చెబితే అర్థమైంది. కారు స్పీడులో ఉన్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ట్రాఫిక్‌లో ఆ పని ఫ్యాన్ చేయాలి. నా ఫ్యాన్ మోటార్ ఎప్పుడు కాలిపోయిందో తెలీదు. దానికి తోడు పాత ఓనర్లలో ఎవరో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ వచ్చారు. రేడియేటర్‌లో తుప్పు, ఉప్పు పేరుకుపోయాయి. ఫ్యాన్ మోటార్ ఒక్కటే మారిస్తే మూడు నాలుగు వేలు. కానీ వేడెక్కిన ఇంజిన్‌ని అలాగే నడిపితే అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. ఆ హెడ్‌ని విప్పి, లేత్‌లో సాఫ్ చేయించి, మళ్లీ బిగించాలి. నాలుగు కిలోమీటర్లకు నేను అదనంగా కట్టింది సుమారు 15 వేలు.

లైటు ఎర్రగా వెలిగితే చేయాల్సింది చాలా సింపుల్. ఏసీ ఆఫ్, బండి పక్కకు, ఇంజిన్ ఆఫ్. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తెరవొద్దు, మొహం కాలుతుంది.

మర్నాడు నాన్న పొద్దున్నే బస్సెక్కి నేరుగా మెకానిక్ షెడ్డుకే వచ్చారు. తీసేసిన పార్టులన్నీ బయట పెట్టమని ఒక్కోటీ చేత్తో పట్టుకుని చూశారు. మెకానిక్ టీకి వెళ్లినప్పుడు అడిగారు.

"కారు చూడబోయేటప్పుడు నన్నెందుకు తీస్కపోలే?"

"నీకెందుకు ఇబ్బందని..."

"నాకా, నీకా?"

నేను జవాబు చెప్పలేదు. ఆయనా మళ్లీ అడగలేదు. ఆ తర్వాత షెడ్డులోనే ఓ పాత కారు చూపించి, కారు కొనేముందు ఏమేం చూడాలో నేర్పించారు. అవి మీకూ చెబుతా.

కారుని చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజిన్ మీద ఆయిల్ మూత విప్పి లోపలివైపు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో జిగురుంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. కూలెంట్ ట్యాంకులో తుప్పు నీళ్లుంటే కూడా అంతే.

క్లచ్ కోసం హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేర్ వేసి, మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయినట్టే. ఈ టెస్టు ఒక్కసారి చాలు.

అద్దాలు దించి, పాటలు ఆపి, స్పీడ్‌బ్రేకర్ మీద నెమ్మదిగా పోనివ్వండి. టక్ టక్ మంటే సస్పెన్షన్ ఖర్చు ఉంది. ఏసీ వేసి, బండి నిలబెట్టి పది నిమిషాలు ఆగండి. చల్లదనం తగ్గిపోతే దాని సంగతీ చూడాలి. టైరు మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు చదవండి. 2317 అంటే 2017లో 23వ వారం తయారైందని. గాడులు లోతుగా ఉన్నా ఆరేడేళ్ల టైర్లయితే మార్పు ఖర్చు లెక్కేసుకోవాలి.

కాగితాల విషయానికొస్తే, ఆర్సీ మీద పాత లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో దాన్ని తీయించాకే డబ్బులివ్వండి. పెండింగ్ చలాన్లు చూసుకోండి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపు అప్లై చేయండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

స్కానర్ వద్దనను, నేనిప్పటికీ వాడుతున్నా. కానీ అది చెప్పేది సగమే. మిగతా సగానికి మెకానిక్‌ని తీసుకెళ్లండి, లేదా మీ ఇంట్లో బండి తెలిసిన మనిషిని. అన్నీ బాగున్నాయన్నా సరే, కారు ధరలో నాలుగో వంతు పక్కన పెట్టుకునే కొనండి. ఖర్చు కాకపోతే మీ అదృష్టం.

మా కారు ఇప్పుడు బాగానే నడుస్తోంది. పోయిన నెల అమ్మను టైంకి హాస్పిటల్‌కి చేర్చింది. ఈ ఆదివారం మా టీమ్‌లో కుర్రాడు నిజాంపేటలో ఓ కారు చూడబోతున్నాడు. నాన్నను రమ్మని ఈసారి నేనే అడిగా.

"పొద్దున ఆరింటికే పోదాం. ఇంజిన్ చల్లగ ఉంటది" అన్నారు.

కింద పరుచుకోడానికి పాత పేపర్లు నేనే కారులో పెట్టుకున్నా.