చెడిపోయిన కోరూ, మన బెల్ కర్వూ

మొన్న లంచ్ టైములో మా టీమ్‌లో పెద్ద చర్చ. "కోర్లు చెడిపోయిన చిప్పుల్ని కూడా వేరే పేరు పెట్టి అమ్మేస్తారంట, పచ్చి మోసం కదూ!" అన్నాడో మిత్రుడు. అందరూ తలలూపారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మోసం ఎక్కడుందండీ ఇందులో? 300 మిల్లీమీటర్ల వేఫర్ మీద ఎక్కడో ఓ చోట లోపాలు పడక తప్పవు. చదరపు సెంటీమీటరుకి సగటున 0.1 లోపం అనుకోండి. 1 చదరపు సెంటీమీటరు చిప్పయితే నూటికి 90 బతుకుతాయి. అదే 8 అయితే 45 దక్కితే గొప్ప! పోనీ ఇంకా పెద్దది చేద్దామా అంటే, ఇప్పటి లితోగ్రఫీ మెషీన్లు మామూలుగా ఒక్క ముద్రలో 26×33, అంటే 858 చదరపు మిల్లీమీటర్లు దాటలేవు.

అందుకే ముందే కొన్ని కోర్లు ఎక్కువ పెట్టుకుంటారు. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 సెల్ చిప్పులో సహాయక కోర్లు 8, వాడింది 7. ఎన్విడియా 2022లో ప్రకటించిన హెచ్100లో డిజైన్ ప్రకారం 144 ప్రాసెసర్ గుంపులు, పెద్ద మోడల్లో కూడా పనిచేసేవి 132. ఆ 132 అని స్పెక్‌లో రాసే అమ్ముతారు. ఏఎండీ వాళ్ళయితే 2019 ఎపిక్‌లో ఒకే పెద్ద ముక్క గొడవే వద్దని, కోర్లని 8 దాకా చిన్న చిప్‌లెట్లలో సర్దేశారు. ఇది ఇంజనీరింగ్ బాబూ, మోసం కాదు!

ఒక్కటి ఒప్పుకుంటాను. 2009లో వచ్చిన మూడు కోర్ల ఫెనామ్ 2లో, ఆపేసిన నాలుగో కోరుని కొందరు మదర్‌బోర్డు సెట్టింగుతో లేపితే శుభ్రంగా పనిచేసింది. బాగున్న కోరుని కూడా గిరాకీ కోసం ఆపేశారేమో అన్న అనుమానం న్యాయమైనదే.

సరే, ఆ కోరు మీద ఇంత జాలిపడే మనం చేసేదేమిటి? పోయిన అప్రైజల్‌లో ఇదే మిత్రుడు, "కర్వ్ కుదరాలి, ఎవరో ఒకరు కింద ఉండాలి" అని, రాత్రుళ్ళు కూర్చుని రిలీజ్ గట్టెక్కించిన అమ్మాయిని కింది బ్యాండ్‌లో పడేశాడు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. నోరు మూసుకునే కూర్చున్నాను. ఒళ్ళు మండింది అందుకే కూడానేమో.

చిప్పుని ముందు పరీక్షించి, ఆ తర్వాత ఏ రకమో తేలుస్తారు. మనం ఏ రకం ఎన్ని ఉండాలో ముందే రాసుకుని, ఆ తర్వాత మనుషుల్ని వెతుకుతాం.

ఇప్పుడు చెప్పండి, మోసం ఎవరిది?